మొదటి పేజీలో దొరికిన మనిషి

"నువ్వు నా దగ్గర ఏదో దాస్తున్నవ్, ఆరాధనా."

పద్మలత ఆ మాట కోపంగా అనలేదు. డిటెక్టివ్ ఆఫీసు పెట్టకముందు ఆమె చాలా ఏళ్లు ఒక బీమా కంపెనీ తరఫున క్లెయిములు విచారించింది. నిప్పంటుకున్న దుకాణాలనూ, అంటించిన దుకాణాలనూ చూసీ చూసీ ఆమెకొక అలవాటు పట్టుకుంది. ఎదుటి మనిషి మాట ఎక్కడ తడబడితే అక్కడ చెవి పెడుతుంది.

ఆరాధన తలొంచుకుని చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. కరీంనగర్ ముకరంపురలో ఒక మొబైల్ షాపు పైనున్న ఒంటి గది అది. ఆమె భర్త స్టీఫెన్ ఆఫీసు. స్టీఫెన్ కనిపించక మూడు వారాలైంది. పోయిన రోజు సాయంత్రం ఆయన ఫోన్ నుంచి ఒక్క మెసేజ్ వచ్చింది. 'పుణెల పని దొరికింది. నెల దాంక రాను. ఫికర్ చెయ్యకు.' ఆ తర్వాత ఫోన్ మూగబోయింది. పోలీసులు ఆ మెసేజ్ చూసి, చెప్పే పోయిండు కదమ్మా, చిన్నపిల్లోడా అని నవ్వి పంపించారు.

"దాస్తలే అక్కా."

"సరే. ఆయన పనేంది? నాకు సమజయ్యేటట్టు చెప్పు."

"సైట్లను పైకి తెచ్చుడు. ఎవలన్న ఫోన్ల ఏదన్న కొట్టి వెతికితే లైనుగ పేర్లు వస్తయి గద. అండ్ల తన గిరాకీ పేరు అందరికంటె పైన వచ్చేటట్టు చేస్తడు. మా అత్తమ్మకు సమజు కాకపోతే కూరగాయల మార్కెట్ ముచ్చట చెప్పిండు. గేటు కాడ కూసున్నామె టమాటలు పొద్దుగాలనే అమ్ముడువోతయి, లోపల మూలకు కూసున్నామె ఎంత మంచియి పెట్టినా ఈగలు తోలుకుంట కూసుంటది. నేను గేటు కాడ జాగ ఇప్పిస్త అవ్వా, గంతే అన్నడు."

పద్మలత కంప్యూటర్ తెర వైపు కుర్చీ జరుపుకుంది. ఆరాధన పాస్‌వర్డ్ కొట్టి తెరిచిన పేజీ ఇంకా అలాగే ఉంది. పైన ఒక గిరాకీ పేరు. 'వెలుగు గడప, వ్యసన విముక్తి కేంద్రం, భైంసా రోడ్డు.' కింద రెండు గీతలు. ఒకటి ఆ సైట్ వెతుకులాటలో ఎన్నో చోట వస్తున్నదో చెబుతోంది, రెండోది రోజుకు ఎంతమంది లోపలికి వస్తున్నారో.

ఆదిలాబాద్ వైపు మందు మాన్పించే చోటు ఏదని ఎవరు వెతికినా వెలుగు గడపే మొదట వచ్చేది. ఆ రోజుల్లో రెండో గీత కొండలా ఎత్తుగా ఉంది. తర్వాత సైట్ మూడో చోటికి జారింది. మూడో చోటంటే ఎంత, కంటికి రెండు వేళ్ల కింద. అంతమాత్రానికే వచ్చే జనం సగానికి పైగా తగ్గిపోయారు. ఇంకో వారంలో సైట్ రెండో పేజీలోకి పోయింది. రెండో గీత నేలకు ఆనింది.

"గిట్ల పడిపోతే ఆయన ఊకున్నడా?"

"ఆయనే పడగొట్టిండక్కా."

పద్మలత చూపు తెర మీంచి ఆరాధన ముఖం మీదికి మళ్లింది.

"సిరిసిల్ల దిక్కు నుంచి దేవవ్వ అని ఒకామె వచ్చింది," ఆరాధన గొంతు తగ్గించింది. "వాళ్లాయన ముత్యం సాంచెల కాడ బట్ట నేసేటోడు. తాగుడు మాన్పియ్యాలని ఆమె బిడ్డ ఫోన్ల వెతికితే మొదట గీ వెలుగు గడపనే వచ్చిందంట. తోలిచ్చిండ్రు. నెలరోజులకు పీనుగై ఇంటికి వచ్చిండు. గీ సైట్ ఎవలు చేసిండ్రో అడుక్కుంట అడుక్కుంట ఈడిదాంక వచ్చి, గా మెట్ల మీద కూసోని ఏడ్చింది. గా రోజు సంది ఈయన సరిగ బువ్వ తినలే. మొకం గూడ చూడని గిరాకీ, అంత ఫోన్ల మీదనే. వాళ్ల ఫోన్ ఎత్తుడు బంద్ చేసిండు. పైకి ఎక్కిచ్చినోనికి దించుడు గూడ వస్తది అన్నడు. దించిండు."

"మరి ఇదేంది?"

పద్మలత వేలు గీత చివరకు పోయింది. నేలకు ఆనిన గీత మళ్లీ లేచింది. స్టీఫెన్ మాయమైన నాలుగైదు రోజులకు మొదలై, నిన్నటికి వెలుగు గడప తిరిగి మొదటి చోట కూర్చుంది. వచ్చే జనం మునుపటికంటే ఎక్కువే.

ఆరాధన చున్నీ అంచు మళ్లీ వేలికి చుట్టుకుంది. తడబాటు ఇక్కడే ఉందని పద్మలతకు అర్థమైంది.

"గీ సైట్ నువ్వు చూస్తున్నవ్. రోజూ చూస్తున్నవ్. ఏం కనవడ్డది?"

ఆరాధన ఫోన్ తీసి, 'స్టీఫెన్ కరీంనగర్' అని కొట్టి, చేతికిచ్చింది. "ఆయన పేరు కొట్టి చూస్తనక్కా, యాడన్న ఆనవాలు దొరుకుతదేమోనని. వారం సంది గిదే మొదట వస్తుంది. సిగ్గుతోని ఎవలకు చెప్పలే. మా అత్తమ్మ ప్రేమమ్మ చర్చిల స్త్రీల సంఘానికి పెద్ద. కొడుకు తాగుడుకు పడి గసుంటి కాడ చేరిండంటె ఆమె నలుగుర్ల ఎట్ల తిరుగుతది?"

మొదటి వరుసలో ఉన్నది వెలుగు గడప పేజీయే. బాగుపడిన రోగుల అనుభవాల్లో ఒకటి.

'నా పేరు స్టీఫెన్. మాది కరీంనగర్. తాగుడుకు బానిసనై ఇంటివాళ్లను బాధపెట్టాను. వెలుగు గడపలో నాకు కొత్త జీవితం దొరికింది. ప్రతి ఆదివారం మా బాపు వచ్చి చూసిపోతాడు. నా గది కిటికీలోంచి జిన్నింగ్ మిల్లు పత్తి కుప్పలు కనిపిస్తాయి. కరెంటు పోతే గోడవతల జనరేటర్ మోగుతుంది, అదే నాకు జోలపాట. ఇక్కడి నుంచి వెళ్లిపోవడం ఎవరి వల్లా కాదు.'

"మీ మామ ఆదివారం ఆదివారం పోతున్నడా?"

"మామ మైసయ్యనా? ఆయన ప్రభువు దగ్గరికి పోయి మూడేండ్లాయె. రాసేటోళ్లు ఏదో కల్పిచ్చి రాస్తరనుకున్న."

"స్టీఫెన్ ఎప్పుడన్న తాగిండా?"

"వాసన గూడ పడదు."

"అయితే గిది రాసింది ఆయననే. నువ్వు రోజూ పేరు కొట్టి వెతుకుతవని ఆయనకు ఎరుక. ఫోన్ లేని మనిషి నీకు చేరే తొవ్వ గిదొక్కటే." పద్మలత ఫోన్ తిరిగిచ్చింది. "వాళ్లు ఆయనను తోల్కపోయి, దించిన చేతులతోనే సైట్‌ను మళ్ల లేపిస్తుండ్రు. రోగుల కథలు రాయమంటె తన పేరు మీద ఒకటి రాసిండు. వాళ్లు చోటు చూస్తరు గని కథ చదువరు."

ఆరాధన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వారం రోజులుగా ఆ పేజీ తెరిచి భర్తను తిట్టుకున్న మనిషి ఆమె. ఇప్పుడు అదే పేజీని వేలితో తడుముతూ వెక్కి వెక్కి ఏడ్చింది.

తలుపు చప్పుడైంది. అరుణ్‌కుమార్ లోపలికి వచ్చాడు. ఒకప్పుడు పద్మలతతో పాటే బీమా కంపెనీలో పనిచేశాడు. ఇప్పుడు ఆయనదీ డిటెక్టివ్ ఆఫీసే. రెండేళ్లుగా ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గిట్టదు.

"తాళం పగలగొట్టాల్సి వస్తదేమో అనుకున్న. తీసే ఉన్నది. మంచిదాయె," అన్నాడు.

"ఎవలి తరఫున వచ్చినవ్?"

"వెలుగు గడపోళ్ల తరఫున. గా కంప్యూటర్ల వాళ్ల సామాను ఉన్నది. వాళ్ల సైట్‌ను నిండ ముంచిండు గీ స్టీఫెన్. కేసు పెడ్తరంట."

"స్టీఫెన్ మొకం వాళ్లు ఎన్నడూ చూడలే. అంత ఫోన్ల మీదనే. అడ్రస్ ఎవలిచ్చిండ్రు?"

అరుణ్‌కుమార్ నవ్వాడు. "నేనే ఇచ్చిన. ఫోన్ ఎత్తని మనిషి ఇల్లు చూపెట్టుడు నేరమా? నువ్వు సుత ఎంతమంది ఇండ్లు చూపెట్టలే?"

"నేను చూపెట్టినోళ్లు తెల్లారి మాయం గాలే."

"పుణె పోయిండు. మెసేజ్ ఉన్నది. నువ్వు అన్నిట్ల హత్యనే వెతుకుతవ్ మేడమ్. అందుకే నీ దగ్గరికి గిరాకీ రారు."

"పుణె పోయిండా? అయితే గిటు చూడు." ఆమె తెరను అతని వైపు తిప్పింది. "గిక్కడ ముంచిండు. గిక్కడ మాయమైండు. గిక్కడి నుంచి సైట్ లేచింది. ఇంకొకడు లేపితే వాని పద్ధతి వేరే ఉంటది, గింత జల్ది గాదు. నువ్వు అడ్రస్ ఇచ్చిన దినం గీ గీత మీద యాడ పడుతదో నువ్వే చూపెట్టు."

అతను వేలు ఎత్తలేదు. తెర వైపు చూస్తూ పెదవి కొరుక్కున్నాడు. నవ్వు ఎప్పుడు పోయిందో తెలియలేదు.

"నాకు చెప్పింది వేరే," అన్నాడు చివరికి. కంప్యూటర్ ముట్టుకోకుండానే మెట్లు దిగిపోయాడు.

పద్మలత కారు తాళాలు తీసుకుంది. "నేను భైంసా పోతున్న. చీకటి పడేదాంక నా దగ్గర్నుంచి ఫోన్ రాకపోతే పోలీసోళ్లకు చెప్పు. అప్పటిదాంక ఎవలతోనీ అనకు."

ఆరాధన తల ఊపింది. ఆ ఊపడంలో ఓపిక లేదని పద్మలత గమనించింది కానీ, ఆగి చెప్పడానికి ఇక తీరిక లేదు.

* * *

వెలుగు గడప గేటు ఎత్తుగా ఉంది, నీలం రంగు రేకుతో. గేటు ముందర కారు ఆపగానే ఫోన్ మోగింది.

"అక్కా, నాకు పానం ఆగలే," ఆరాధన గొంతులో భయమూ సంతోషమూ కలిసి ఉన్నాయి. "భైంసా దిక్కు పోలీసోళ్లకు ఫోన్ చేసిన. సారు శానా మంచిగ మాట్లాడిండు. మొత్తం విన్నడు. మేమే పోతున్నం, ఇగ నువ్వు ఎవలకూ ఫోన్ చెయ్యకు అన్నడు."

పద్మలతకు చిరాకు వచ్చింది. వెంటనే భుజాల మీంచి బరువు దిగినట్టూ అనిపించింది. కరీంనగర్‌లో నవ్వి పంపినవాళ్లకంటే ఈ సారు నయమే. "సరే. తలుపేసుకోని ఇంట్ల ఉండు," అని పెట్టేసింది. ఫోన్లు లోపలికి రావద్దని గేటు మనిషి బుట్ట చాపితే, మారు మాట్లాడకుండా ఫోన్ అందులో వేసింది.

ఆఫీసు గదిలో మేనేజర్ అంబదాస్ లేచి నమస్కారం పెట్టాడు. యాభై ఏళ్ల మనిషి, తెల్ల చొక్కా, మెత్తని గొంతు.

"రాండ్రి తాయీ, కూసోండ్రి." ఆ వైపు మాటల్లో మరాఠీ కలిసి ఉంటుంది, అక్కను అలాగే పిలుస్తారు.

"నా పేరు రోజారాణి. మాది జగిత్యాల. మా తమ్ముని గురించి వచ్చిన," అంది పద్మలత. అంటూనే కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న మనిషిని చూసింది. అరుణ్‌కుమార్. చేతిలో ఛాయ్ గ్లాసు.

అంబదాస్ ఇద్దరినీ చూశాడు. "మీకు ఎరుకేనా సార్?"

అరుణ్‌కుమార్ గ్లాసు కింద పెట్టాడు. "ఎవలో. నాకెర్క లే."

పద్మలత కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎందుకు కాపాడాడో తెలియలేదు.

పక్క గదిలో ఇద్దరు ఆడవాళ్లు ఆగకుండా ఫోన్లు ఎత్తుతున్నారు. ఒకటి పెట్టేలోపు ఇంకొకటి మోగుతోంది. గోడ మీద తెరలో ఆ క్షణాన సైట్ చూస్తున్నవాళ్ల సంఖ్య పెరుగుతూ తగ్గుతూ ఉంది.

"మేం ఎవల ఇంటికీ పోం తాయీ," అంబదాస్ ఆ తెర వైపు ప్రేమగా చూశాడు. "మనుషులే వెతుక్కుంట వస్తరు. అందరికంటె పైన మా పేరే ఉంటది గద. పైన ఉన్నోళ్ల మీదనే నమ్మకం."

"ఆదివారం ఆదివారం వచ్చి మా తమ్ముణ్ణి చూసిపోవచ్చా? సైట్ల ఎవలదో బాపు వస్తున్నడని రాసి ఉన్నది."

అంబదాస్ కనురెప్పలు ఒక్కసారి ఆగాయి. ఆ పేజీ అతను చదవలేదు. "మూడు నెలల దాంక ఎవలూ రావద్దు. మా పద్ధతి గది."

"గదులు చూస్త."

ఒక ఆయా తోడు వచ్చింది. పొడుగాటి వసారా, దాని మొదట్లో ఇనుప జాలీ తలుపు. దానికి గొళ్లెం బయటి వైపే ఉంది. గదుల తలుపులకూ అంతే. మంచాలు ఉన్నాయి, పక్కలు ఉన్నాయి, పట్టపగలు ఒక్క మనిషీ లేడు. ఒక మంచం కింద రబ్బరు చెప్పుల జత కనిపిస్తే పద్మలత వంగి చూసింది. అడుగుల్లో, పట్టీల సందుల్లో, అంతటా పత్తి దూది అంటుకుని ఉంది.

మందు మానడానికి వచ్చినవాళ్ల చెప్పులకు దూది ఎందుకు?

"అందరు ఏరి?"

"ధ్యానానికి పోయిండ్రు," అంది ఆయా, నేల వైపు చూస్తూ. అంతలో ఆఫీసు వైపు నుంచి ఎవరో పిలిచారు. "ఈడనే ఉండుండ్రి," అని గబగబా వెళ్లిపోయింది.

పద్మలత ఉండలేదు. వసారా చివర మలుపు తిరిగితే డీజిల్ వాసన తగిలింది. జనరేటర్. దాన్ని ఆనుకుని ఒక చిన్న గది, కిటికీకి సన్నని ఇనుప జాలీ. అక్కడి నుంచి చూస్తే ప్రహరీ అవతల తెల్లటి పత్తి కుప్పలు.

"స్టీఫెన్?"

లోపల కుర్చీ జరిగింది. గడ్డం పెరిగిన మనిషి జాలీ దగ్గరికి వచ్చాడు. వెనక బల్ల మీద కంప్యూటర్ వెలుగుతోంది.

"నన్ను ఆరాధన పంపింది."

అతను జాలీలోకి వేళ్లు దోపాడు. "నా పేరు కొట్టి చూసిందా?"

"రోజూ చూసింది. చదివి, నువ్వు తాగుతున్నవనుకున్నది."

స్టీఫెన్ నవ్వబోయాడు, అది ఏడుపైంది. మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "అక్కా, ఈడ నలభై మంది దాంక ఉన్నరు. పొద్దుగాల గా మిల్లుకు తోల్కపోతరు, పొద్దుమూకినంక తెస్తరు. కూలీ లేదు. తాగుడు మానినోన్ని గూడ పంపరు. ఇంటోళ్లు అడిగితే ఇంకా బాగుపడలే అంటరు. దేవవ్వోళ్ల ముత్యం గా మిషన్ల చెయ్యివడి సచ్చిండు. నేను సైట్‌ను దించితే మనుషులు వచ్చుడు తగ్గింది. ఇప్పుడు మళ్ల లేపిస్తుండ్రు. లేపకుంటె ఆరాధన జోలికి పోతమంటుండ్రు."

"ఇగ భయపడకు. పోలీసోళ్లు వస్తుండ్రు. ఆరాధన ఫోన్ చేసింది."

స్టీఫెన్ వేళ్లు జాలీ మీద బిగుసుకున్నాయి. "ఏ నంబర్‌కు చేసింది?"

"భైంసా దిక్కు..."

"నంబర్ యాడ దొరికింది ఆమెకు? నెట్ల కొట్టి చూసిందా?"

అది పద్మలతకు తెలియదు. అడగలేదు. ఇన్నేళ్ల విచారణలో ప్రతి మనిషినీ ఎక్కడ విన్నవ్, ఎవరు చెప్పిండ్రు అని అడిగిన తను, గేటు ముందు మాత్రం సరే అనేసింది.

"పోయిన వారం నాతోని ఒక పేజీ చేయించిండ్రు," స్టీఫెన్ మాటలు గుసగుసగా, తొందరగా వచ్చాయి. "గీ చుట్టుపక్కల పోలీసోళ్ల నంబర్ అని ఎవలు కొట్టినా మొదట గదే వస్తది. అండ్ల ఉన్నది అంబదాస్ మనిషి నంబర్. అసలు నంబర్ దాని కిందనే ఉన్నది అక్కా. కిందిది ఎవలు చూస్తరు?"

వసారా మొదట్లో ఇనుప తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత గొళ్లెం పడింది.

పద్మలత మలుపు దాకా పరుగెత్తింది. తలుపుకు ఈవల అరుణ్‌కుమార్ నేల మీద పడి ఉన్నాడు, చొక్కా భుజం దగ్గర చిరిగి. అవతల అంబదాస్, అతని వెనక ఇద్దరు మనుషులు. ఆయా అక్కడ లేదు.

"గీ సారును నమ్మినం తాయీ," అంబదాస్ గొంతు అంతే మెత్తగా ఉంది. "మిమ్మల్ని ఎరుకలే అన్నడు. పద్మలత అని మీ పేరు మాకు ముందే ఎరుక. మీ కారు రంగు గూడ ఎరుక. ఆరాధనమ్మ శానా వివరంగ చెప్పింది."

అరుణ్‌కుమార్ గోడ పట్టుకుని లేచాడు. "నేను స్టీఫెన్ ఏడని అడిగిన," అన్నాడు పద్మలతతో. "గంతే అడిగిన." అతని పెదవి పగిలి నెత్తురు కారుతోంది. పద్మలత అతని మోచేయి పట్టుకుని నిలబెట్టింది.

"మా ఇద్దరం రాకపోతే వెతికేటోళ్లు ఉన్నరు," అంది అంబదాస్‌తో.

"ఎవలు? ఆరాధనమ్మనా?" అంబదాస్ చేతి గడియారం చూసుకున్నాడు. "ఆమె వాంగ్మూలం రాసుకోవాలె అని మా వాళ్లు కరీంనగర్‌కు బయలెల్లి శానా సేపయింది. పోలీసోళ్లం వస్తున్నం, ఎవలకూ చెప్పకు, యాడికీ పోకు అన్నరు. పాపం, ఇంట్ల ఛాయ్ పెట్టుకోని చూస్తుంటది. రాంగనే తలుపు తీస్తది."

ఆ మాట వసారా చివరి దాకా వినిపించింది. జనరేటర్ గదిలోంచి స్టీఫెన్ ఆరాధన పేరు పెట్టి అరిచాడు. రెండు చేతులతో జాలీని పట్టి గుంజుతున్న చప్పుడు, మళ్లీ మళ్లీ, ఆగకుండా.